పాతదారి పట్టిన ముందు చక్రాలు

కలకత్తా వాట్‌గంజ్‌లో ఓడల డాకు గోడని ఆనుకుని ఉన్న గురువులు గ్యారేజీ పొద్దున్నే తెరుచుకునేది. తెరవడమంటే రేకు తలుపు పక్కకి జరిపి, కురిసిన వాననీళ్ళని చీపురుతో సందులోకి తోసేసి, విశ్వకర్మ పటం ముందు ఒక అగరొత్తి వెలిగించడం. ఆపాటికే వెనక గదిలో అతని అక్క అప్పలకొండమ్మ బొగ్గుల పొయ్యి రాజేసి ఉండేది. ఆ పొగ ముందు గ్యారేజీ అంతా కమ్ముకుని, తర్వాత ఎదుటి గోడ మీదున్న సుత్తీ కొడవలి బొమ్మని కాసేపు మాయం చేసి, చివరికి ట్రాముల దిక్కుగా వెళ్ళిపోయేది. పొగ తగ్గేసరికి మట్టి గ్లాసులో టీతో గురువులు స్టూలు మీద కూర్చుని, ఆ రోజు మొదటి బండి కోసం ఎదురుచూసేవాడు.

వాళ్ళ నాన్న శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి ఓడల్లో బస్తాలు మొయ్యడానికి వచ్చినవాడు. కొడుకు భుజం బస్తా ఎరగకూడదని ఆయన పట్టుపట్టి డ్రైవింగు నేర్పించాడు. గురువులు కొన్నేళ్ళు సొంత జీపు నడిపాడు, తర్వాత అది అమ్మేసి గ్యారేజీ పెట్టాడు. ఎందుకు అమ్మాడో అక్కకి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను పెళ్ళి చేసుకోలేదు. నలభై దాటాక ఆమె సంబంధాల ఊసెత్తడం కూడా మానేసింది.

ఆ చుట్టుపక్కల గ్యారేజీల్లో ఆయిలు కారడం, బ్రేకు పట్టకపోవడం లాగే ఇంకో జబ్బు కూడా ఉండేది. దాన్ని పాతదారి అనేవారు. పాత సామాన్ల కొట్టులో కొన్న గేరుపెట్టో, స్టీరింగో, చక్రాల్ని కలిపే యాక్సిలో, తను ఇదివరకు తిరిగిన దారిని మరిచిపోకుండా కొత్త బండిలోకి వచ్చేది. మెటియాబ్రుజ్ దర్జీ ఒకాయన వ్యానుకి ఐస్‌క్రీము బండి స్టీరింగు వేయించుకుంటే, బడులు వదిలే వేళకి అది ఏ బడి కనిపించినా ఆ గేటు వైపు తిరిగేది. పాపం ఆయన బట్టల మూటలతో పిల్లల మధ్య ఇరుక్కుపోయేవాడు. మందు సులువే. ఆ సామాను ఎక్కడికి పోవాలనుకుంటోందో అక్కడికి ఒకసారి పోనిచ్చి, కాసేపు ఉండనిచ్చి, వెనక్కి తెచ్చుకోవడమే. తర్వాత అది కొత్త యజమాని మాట వినేది.

కూర్మయ్య పికప్పుతో వచ్చింది ఒక ఆషాఢం పొద్దున. అతనిదీ శ్రీకాకుళం వైపే. బజ్‌బజ్ దిక్కున హుగ్లీ ఒడ్డునున్న బట్టీల నుంచి ఇటుక తోలేవాడు. మిలటరీవాళ్ళు వేలం వేసిన బండి అది, నాలుగు చక్రాలూ లాగే రకం. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే లాగేవి. బురదలో దిగినప్పుడు గేరు పక్కనున్న చిన్న లివరు లాగితే ముందు చక్రాలూ చెయ్యి కలిపేవి.

"గురువులన్నా, లివరు లాగితే సాలు, కింద ఎవుడో రాళ్ళు నూరుతున్నట్టుంది," అన్నాడు కూర్మయ్య దిగుతూనే. "నిన్న ప్రాణం పోయినంత పనైంది."

"పొడి రోడ్డు మీద లాగినావేటి లివరు? చప్పుడు రాకేటవుద్ది?"

"నానేటి కొత్తోణ్ణా అన్నా? బురదలోనే లాగినాను. రేవు దగ్గర ఏటవాలు ఎక్కాల. నాను కుడికి తిప్పుతుంటే ముందు చక్రాలు ఎడంకి, నీళ్ళ కాడికి లాక్కుపోతన్నాయి. ఎనక చక్రాలు ఒప్పుకోవు. రెండిటి మధ్యన బండి ఒళ్ళిరుసుకున్నట్టు కటకటమంది. ఇటుకలతో సహా గంగలోకి జారిపోతుంటే బ్రేకు తొక్కి, దూకీసినాను. దేవుడి దయ, ఒక పడవ కట్టే మోకు అడ్డమొచ్చి ఆగింది."

మోచెయ్యి చూపించాడు. చర్మం లేచిపోయి ఉంది. అప్పలకొండమ్మ లోపలి నుంచి పసుపు తెచ్చి రాసింది.

గురువులు చాప పరుచుకుని బండి కిందకి దూరాడు. ముందు నూనె చూశాడు. రెండు యాక్సిళ్ళలోనూ, మధ్య గేరుపెట్టెలోనూ నిండుగా ఉంది. వేలికి రాసుకుని వెలుతురులో పెట్టి చూస్తే ఇనుప రజను లేదు. లివరుని గేరుపెట్టెకి కలిపే కమ్మీ వదులైందేమో అని ఊపాడు. బిగువుగా ఉంది. గేరు సగమే పడి పళ్ళు గీసుకునే చప్పుడు కాదన్నమాట. ముందు షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. దాని కీళ్ళ దగ్గరి క్రాసుల్లో వదులు లేదు. టైర్లు ముందువీ వెనకవీ ఒకే కొలత, ఒకే అరుగుదల. చక్రాలన్నీ జాకీల మీద లేపి, కూర్మయ్యని లివరు లాగమన్నాడు. ముందూ వెనకా ఒకే వేగంతో, కుట్టుమిషను తిరిగినంత నెమ్మదిగా తిరిగాయి.

కింద దించి, సందులోని బురదలో నాలుగు అడుగులు నడిపితే మళ్ళీ అదే కటకట.

ఇలా రెండు మూడు రోజులు గడిచాయి. గురువులు మధ్య గేరుపెట్టె విప్పి మళ్ళీ బిగించాడు. సామాను తప్పు ఎక్కడా కనపడలేదు. గాలిలో లేపితే లేని చప్పుడు నేల మీద వస్తోందంటే అది ఇనుము గొడవ కాదు, దారి గొడవ.

"ముందు యాక్సిలు ఎప్పుడు మార్సినావు?" అని అడిగాడు.

"మొన్న వేసంగిలో. పాతది ఇరిగిపోతే పాత సామాన్ల బజారులో పట్టినాను. రంగేసి ఉంది. ఏ బండిదని అడిగితే కొట్టువోడు ఏటో దాదా, ఎవుడికి గుర్తని నవ్వినాడు."

"అదీ సంగతి. పాతదారి పట్టింది. ముందు చక్రాలకి ఇంకెక్కడికో ఎల్లాలనుంది. లివరు లాగనంత సేపూ ఆటి మాట సాగదు, ఊరికే దొర్లుతాయి. లివరు లాగేసరికి బలమొచ్చి నోరిప్పుతున్నాయి."

"ఎక్కడికి తీసుకుపోవాలంటావు?"

"మనకేటి తెలుసు? ఆటినే అడగాల. లివరు లాగి స్టీరింగు ఒగ్గేయాల. కానీ ఊర్లో బళ్ళ మధ్యన స్టీరింగు ఒగ్గేస్తే ఎవుడి మీదకో ఎక్కించేస్తాం. రోడ్లు ఖాళీ అవ్వాల."

రోడ్లు ఆ వారంలోనే ఖాళీ అయ్యాయి. బంద్ వల్ల కాదు, వాన వల్ల. కుండపోతగా కురిసి కురిసి ఊరు నీళ్ళలో కూర్చుంది. ట్రాములు నిలిచిపోయాయి, ట్యాక్సీలు అరుగుల పక్కన చేరాయి. మోకాలి లోతు నీళ్ళలో చేతిరిక్షాలు తప్ప ఏమీ కదలడం లేదు. పొద్దున అన్నం తిని, కూర్మయ్యా గురువులూ పికప్పు ఎక్కారు. గురువులు డ్రైవరు సీట్లో కూర్చుని లివరు లాగి, స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చప్పుడు లేదు. బండి వానని చీల్చుకుంటూ తనంతట తాను ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కింది. గురువులుకి క్లచ్చీ బ్రేకూ తప్ప పనిలేదు.

"ఎంత బుద్దిగా పోతంది సూడు!" అన్నాడు కూర్మయ్య.

కొత్తగా కట్టిన హుగ్లీ వంతెన దగ్గరికి వచ్చేసరికి బండి దాని వైపు తిరుగుతుందేమో అనుకున్నారు. ముందు చక్రాలు ఆ వంతెన ఉన్నట్టే గుర్తించలేదు. గంగ ఒడ్డునే స్ట్రాండ్ రోడ్డు పట్టుకుని నేరుగా హౌరా పాత వంతెన దాకా పోయాయి.

"ఇయ్యి కొత్త బ్రిడ్జి కట్టక ముందు తిరిగిన చక్రాలు," అన్నాడు గురువులు.

వంతెన దాటాక బండి కుడికి తిరిగింది. సాల్కియా దాటుతుండగా, నీళ్ళు లేని ఒక మిట్ట మీద, బాగున్న రోడ్డులోనే ఉన్నట్టుండి పక్కకి తప్పుకుని, మళ్ళీ దారిలోకి వచ్చింది. అక్కడ తప్పుకోవడానికి ఏమీ లేదు. మనిషి లేడు, ఆవు లేదు.

గురువులు వెనక్కి తిరిగి ఆ చోటుని చూశాడు. ఒకప్పుడు అక్కడొక గుంత ఉండేది. చక్రం మునిగేంత గుంత. దాన్ని ఎన్నో ఏళ్ళ కిందట పూడ్చేశారు. ఆ గుంతని అలా, ఎడం చక్రం అంచు మీంచి పోనిచ్చి తప్పించేది తనే.

"ఏటన్నా, మొకం అలాగైపోనాది?" అన్నాడు కూర్మయ్య.

"ఇది నా జీపు యాక్సిలురా," అన్నాడు గురువులు.

డెబ్బై ఎనిమిదిలో వరద వచ్చినప్పుడు, ఊళ్ళో ఏ బండీ తిరగలేని రోజుల్లో, అతని జీపు తిరిగింది. లిలువా రైల్వే క్వార్టర్లకి మంచినీళ్ళూ మరమరాలూ చేరవేస్తుంటే, ఒక ఇంటి మెట్ల మీద బకెట్టు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి లోపలికి తిరిగి, "నాన్నగారూ, నీళ్ళొచ్చాయి," అని తెలుగులో కేకేసింది. "తాగే నీళ్ళేనండి, భయం నేదు," అని గురువులు తెలుగులోనే జవాబిచ్చాడు. ఆ అమ్మాయి నవ్వింది. పేరు నాగేశ్వరి. తండ్రి భానుమూర్తి రైల్వే కార్ఖానా ఆఫీసులో గుమాస్తా. తల్లి లేదు. వరద తీశాక కూడా గురువులుకి లిలువాలో పనులు పుట్టుకొచ్చాయి. ఒకనాడు కిరసనాయిలు, ఒకనాడు బొగ్గులు. ఆమె తలుపు దగ్గరే నిలబడి మాట్లాడేది. వాళ్ళ మాటల్లో మూడు వంతులు వానల గురించీ, కరెంటు కోతల గురించీ ఉండేవి. మిగతా పావు వంతు కోసమే అతను గంగ దాటి వచ్చేవాడు.

ఒక సాయంత్రం భానుమూర్తి బయటికి వచ్చాడు. "చూడు బాబూ, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నీ బండి ఇకమీదట ఈ సందులోకి రాకూడదు," అన్నాడు. గొంతు పెంచలేదు. గురువులు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని జీపు ఎప్పుడూ సందులోకి పోలేదు. కానీ సాయంత్రం అయ్యేసరికి సందు మొదట, గొట్టపు బావి పక్కన వచ్చి ఆగేది. కిటికీలో ఆమె కనిపించేది. కరెంటు పోయిన రోజున నీడైనా కనిపించేది. ఇంజను ఆపకుండా కాసేపు ఉండి, తిరిగి వెళ్ళిపోయేవాడు. అలా చాలా కాలం నడిచింది. ఒక రోజు కిటికీ మూసి ఉంది. మర్నాడూ మూసే ఉంది. పెళ్ళయిపోయి ఉంటుందనుకుని, అతను జీపు అమ్మేశాడు.

ఇప్పుడు పికప్పు రైలు గేటు దాటి, కార్ఖానా గోడ వెంబడి నీళ్ళని రెండు పక్కలకీ తోసుకుంటూ పోయి, సందు మొదట ఆగింది. గొట్టపు బావి చేతిపిడి మాత్రం నీళ్ళ పైన కనిపిస్తోంది. గురువులు క్లచ్చి వదిలినా బండి ముందుకి కదల్లేదు.

సందులో నడుం లోతు నీళ్ళు. పై అంతస్తుల్లో జనం బట్టలు ఆరేసుకునే తాళ్ళ వెనక నిలబడి చూస్తున్నారు. ఒక బెంగాలీ ఆవిడ పిట్టగోడ మీదకి వంగి, "దాదా! మా టీచరు దిదిమొణి కింద ఉండిపోయింది! వాళ్ళ నాన్న లేవలేడు, ఈ మెట్లు ఇరుకు, ఎక్కించలేకపోయాం!" అని హిందీలో అరిచింది.

గురువులు చొక్కా విప్పి సీటు మీద పడేశాడు.

"అన్నా, బండిని లోపలికి పోనిద్దాం. బలవంతంగా తిప్పు," అన్నాడు కూర్మయ్య.

"అది రాదురా. నువ్వు ఇంజను ఆపకుండా సూసుకో," అని గురువులు నీళ్ళలోకి దిగాడు.

ఆ సందులో అతను అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో. కాలి కింద ఇటుకలు పాతవే. ఇంటి తలుపు సగం తెరిచి ఉంది. లోపల మంచం మీద బల్ల, బల్ల మీద పరుపు, పరుపు మీద తెల్లటి గడ్డంతో భానుమూర్తి. మంచం పట్టె మీద నిలబడి, ఆయన జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది నాగేశ్వరి. కళ్ళద్దాలు వచ్చాయి, చెంపల దగ్గర నెరిసింది. ఆమె అతన్ని చూసింది. ఎవరని అడగలేదు.

"మీరొక్కరే ఎత్తగలరా?" అంది.

"ఎత్తగలను."

"ఎడం కాలు జాగ్రత్త. కదిపితే నొప్పి."

అతను ముసలాయన్ని చంటిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. బరువు లేడు. నాగేశ్వరి మందుల సంచీ నెత్తిన పెట్టుకుని, మరో చేత్తో అతని భుజం పట్టుకుని వెనకే నడిచింది. పై నుంచి జనం ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ కాలువ ఉందో కేకలేసి చెబుతూనే ఉన్నారు.

బండి దాకా వచ్చి, సీట్లో కూర్చోబెట్టి, తుండుతో తుడుస్తుంటే భానుమూర్తికి కోపం వచ్చింది. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"ఇంత పెద్ద బండి పెట్టుకుని, ఇంటి ముందుకి తేవడానికేం? ఆ నీళ్ళన్నిట్లో నన్ను మోసుకొచ్చావు!"

"మీరు రావద్దన్నారు కదండీ," అన్నాడు గురువులు.

ముసలాయన తుండు పట్టుకున్న ఆ చేతిని చూశాడు, తర్వాత మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. వాన రేకు మీద దబదబా పడుతోంది. చివరికి ఆయన తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నాగేశ్వరి తండ్రి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

కూర్మయ్య వెనకాల టార్పాలిను కిందకి ఎక్కాడు. లాగిన లివరు అలాగే ఉంది. గురువులు స్టీరింగు పట్టుకుని వెనక్కి తిప్పాడు. పికప్పు ఎటు తిప్పితే అటు, ఒక్క చప్పుడు లేకుండా తిరిగింది. దారి పొడుగునా, వంతెన మీదా, నీళ్ళలోనూ అంతే. సాల్కియాలో పూడిపోయిన గుంత మీంచి తిన్నగా వచ్చేసింది.

గ్యారేజీ ముందు బండి ఆగేసరికి అప్పలకొండమ్మ గుమ్మంలోకి వచ్చింది. తమ్ముడి చేతుల మీద ముసలాయన్నీ, వెనక తడిసి ముద్దయిన ఆడమనిషినీ చూసింది.

"లిలువా?" అంది.

తమ్ముడు తలూపాడు.

"అలా నిలబడిపోనారేటి, లోనికి రండమ్మా. నా మంచం మీద పడుకోబెట్టండి. తమ్ముడూ, బొగ్గులెయ్యి పొయ్యిలో."

ఆ రాత్రికి ఉందామనుకున్నవాళ్ళు, నీళ్ళు తియ్యకపోవడంతో రోజులు రోజులు ఉండిపోయారు. గురువులు పడక గ్యారేజీకొచ్చిన బళ్ళ సీట్లలోకి మారింది. నాగేశ్వరి ఊరుకోలేదు. అప్పలకొండమ్మతో పాటు చేపలు కడగడం ఆమెకి రాలేదుగానీ, గ్యారేజీలో పెట్టెల్లో కలిసిపోయిన నట్లూ బోల్టులూ సైజుల వారీగా సీసాల్లో పోసి పెట్టింది. ఆమెకి పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నిటికీ ఆమే కాదందట. ఆ కిటికీ మూసి ఉన్న రోజుల్లో ఆమె టైఫాయిడుతో ఆస్పత్రిలో ఉంది. బాగయి వచ్చి కిటికీ తెరిచేసరికి సందు మొదట ఎవరూ లేరు. ఈ మాట ఆమె వంకాయలు తరుగుతూ అప్పలకొండమ్మకి చెప్పింది. అప్పలకొండమ్మ బండి కింద పడుకుని ఉన్న తమ్ముడికి, వంగి, వినపడేలా చెప్పింది.

భానుమూర్తిని రోజూ పొద్దున్న గురువులే ఎత్తుకొచ్చి గ్యారేజీ ముందు చూరు కింద కూర్చోబెట్టేవాడు. మొదట ఆయన గోడ వైపు మొహం తిప్పుకుని కూర్చునేవాడు. కానీ వచ్చే పోయే బళ్ళూ, వాటి రోగాలూ, డ్రైవర్ల తగువులూ లిలువా మంచం మీద దొరికేవి కావు. మెల్లగా ఇటు తిరిగాడు. లారీవాడు ఆయిలు ఎప్పుడు మార్చాడో అబద్ధం చెబుతుంటే, "పోయిన మంగళవారం వచ్చినప్పుడు ఇంకోలా చెప్పావే!" అని పట్టుకునే దాకా వచ్చాడు. మొదట్లో "ఏమోయ్" అని పిలిచేవాడు. ఒక పొద్దున్న, "గురువులూ, నన్ను కాస్త ఎండలోకి జరుపు," అన్నాడు.

కూర్మయ్య ఒకనాడు బట్టీ నుంచి తిరిగి వస్తూ ఆగి, "రేవు బురదలో నిండు లోడుతో ఎక్కించినానన్నా. పిల్లి నడిసినట్టు నడిసింది," అని చెప్పి వెళ్ళాడు.

వాన తెరిపిచ్చింది. రోడ్ల మీద మళ్ళీ ట్రాములు గంట కొట్టుకుంటూ తిరిగాయి. లిలువా క్వార్టర్లలో నీళ్ళు తీసేశాయని, గోడలకి సున్నం వేస్తున్నారని కబురొచ్చింది. రైల్వే బడి సోమవారం తెరుస్తారని కూడా. నాగేశ్వరి అక్కడే టీచరు.

ఆ సాయంత్రం గురువులు చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"ఇక్కణ్ణించి లిలువాకి ఎలా వెళ్ళాలి?" అంది.

గురువులు తల ఎత్తలేదు. "మీరేటీ అనుకోకండి. కూర్మయ్య బండి అడిగి ఉంచినాను. సామానూ, నాన్నగారినీ జాగర్తగా దింపీసొస్తాను. బండి ఇప్పుడు గుమ్మం దాకా వొస్తాది."

"సామాను సంగతి కాదండీ. నేను రోజూ పొద్దున్నే బడికి వెళ్ళి, సాయంత్రం ఇక్కడికి రావాలంటే ఎలా అని."

లోపల అప్పలకొండమ్మ నూరుతున్న రోటి చప్పుడు ఆగింది. గురువులు తడి చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వాటిని తుడుచుకోవాలని అతనికి తోచలేదు.

"హౌరా దాకా బస్సు," అన్నాడు చివరికి. "అక్కణ్ణించి లోకలు రైలు. సాయంత్రం పూట రైళ్ళు కిక్కిరిసి ఉంటాయండి. బస్సులో సీటు దొరకదు. కష్టం."

"అలవాటవుతుంది," అంది నాగేశ్వరి.

చూరు కింద కూర్చున్న భానుమూర్తి వీధి వైపే చూస్తున్నాడు. ఆయన ఇటు తిరగలేదు. కానీ అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు.

"పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికో కూడా కనుక్కోమ్మా. మొదటి రోజే ఆలస్యంగా వెళితే బాగుండదు."